రిఫరీ మీద కోపం సరే, ఏ తప్పు మీద?

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ గురించి వాదించుకునేవాళ్లు తక్కువేమీ కాదు. బార్కస్ గల్లీల్లో, సికింద్రాబాద్‌లో పాత ఆటగాళ్లు చాయ్ తాగే హోటళ్లలో, మాదాపూర్ ఆఫీసుల క్యాంటీన్లలో, గంటకింత అని అద్దెకిచ్చే టర్ఫ్‌ల బయట ఈ మాటలు నడుస్తూనే ఉంటాయి. ఎక్కడ మొదలుపెట్టినా కాసేపటికి మాట రిఫరీ దగ్గరికి వచ్చి ఆగుతుంది. దోహాలో ఖతర్ కొట్టిన గోల్, బెంగళూరులో భారత జట్టు మాజీ కెప్టెన్ ఛెత్రి ఫ్రీ కిక్, యూరప్ దేశాల కప్ యూరోలో జర్మనీకి ఇవ్వని పెనాల్టీ, ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌కి దక్కకుండా పోయిన గోల్. అన్నిటికీ తీర్పు ఒకటే: "రిఫరీ ముంచేశాడు."

నాకు పేచీ ఆ తీర్పుతోనే. ఈ నాలుగూ ఒకే రకం తప్పులు కావు. ఒకచోట కన్ను అందుకోలేకపోయింది. ఒకచోట అందరూ చూసిందే చూశారు, దానికి అర్థం చెప్పుకోవడంలో తేడా వచ్చింది. ఒకచోట చూడటమూ సరిగ్గానే జరిగింది, అర్థమూ సరిగ్గానే ఉంది, మాట అందలేదు. మిగిలినదాంట్లో అసలు తప్పు జరిగిందా అనేదే అనుమానం. ఇవన్నీ కలిపేసి "వీఏఆర్ ఉంటే ఈ గొడవే ఉండేది కాదు" అనుకుంటున్నాం. వీఏఆర్ అంటే టీవీల ముందు కూర్చుని రీప్లేలు చూసి రిఫరీకి చెవిలో చెప్పే వీడియో రిఫరీ. పై నాలుగు సంఘటనల్లో రెండు జరిగినప్పుడు ఆ మనిషి తన కుర్చీలోనే ఉన్నాడు.

ముందుగా కన్ను అందుకోలేని తప్పు సంగతి. 2024 జూన్ 11, దోహా, ప్రపంచ కప్ క్వాలిఫయర్. ఛెత్రి జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పి అప్పటికి అయిదు రోజులే అయింది. 37వ నిమిషంలో ఛాంగ్తే గోల్‌తో భారత్ 1-0 ఆధిక్యంలో ఉంది. అదే స్కోరు నిలిస్తే మూడో రౌండ్‌కి వెళ్తాం, అది మనం అంతకుముందెన్నడూ చూడని మెట్టు. 73వ నిమిషంలో ఖతర్ ఆటగాడి హెడర్‌ని గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి అతని కిందనుంచి జారి, పోల్ పక్కగా గోల్ లైన్, అంటే మైదానం చివరి గీత, దాటిపోయింది. ఖతర్ ఆటగాడు ఒకడు దాన్ని కాలితో వెనక్కి లాగాడు, యూసఫ్ అయ్‌మెన్ లోపలికి తన్నాడు. మనవాళ్లు ఆట ఆగిపోయిందనుకుని నిలబడిపోయారు. దక్షిణ కొరియా రిఫరీ గోల్ ఇచ్చాడు. 85వ నిమిషంలో ఖతర్ రెండో గోల్ కొట్టింది. మన దారి అక్కడితో మూసుకుపోయింది.

ఇక్కడ అభిప్రాయ భేదానికి చోటే లేదు. బంతి గీత దాటిందా లేదా అన్నది కొలిచి తేల్చే విషయం. అయితే ఆ కొలత ఎలా అనేది చాలామందికి తెలియదు. గీత కూడా మైదానంలో భాగమే. బంతి మొత్తం, నేల మీదైనా గాల్లోనైనా, గీత బయటి అంచును పూర్తిగా దాటితేనే బయటికి పోయినట్టు. మ్యాచ్ బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, అంటే అడ్డం సుమారు 22. బంతి నేలను తాకేది ఒక్క బిందువు దగ్గర. ఆ బిందువు గీత దాటి పది సెంటీమీటర్లు అవతల ఉన్నా బంతి పొట్ట ఇంకా గీత మీదికి వాలే ఉంటుంది, కాబట్టి ఆట నడుస్తున్నట్టే. నమ్మకం కుదరకపోతే ఇంట్లో టైల్స్ మధ్య గీత పక్కన బంతి పెట్టి సరిగ్గా పైనుంచి చూడండి, ఆ తర్వాత పక్కనుంచి చూడండి.

2022 ప్రపంచ కప్‌లో స్పెయిన్ మీద జపాన్ గెలిచిన మ్యాచ్‌లో మితోమా గీత దగ్గరనుంచి వెనక్కి కొట్టిన బంతి సరిగ్గా ఇదే. టీవీలో చూసినవాళ్లందరికీ బంతి బయట ఉన్నట్టే కనిపించింది. వీఏఆర్ చూసి గోల్ ఇప్పించింది. పైనుంచి తీసిన ఫొటోలో బంతి అంచు గీత మీద వెంట్రుకవాసి నిలిచి ఉంది. ఆ గోల్‌తోనే జపాన్ గ్రూప్‌లో పైకెళ్లింది, జర్మనీ ఇంటికెళ్లింది. ఖతర్ గోల్ విషయంలో ఇంత సన్నటి తేడా కూడా లేదు. బంతి ఏ సందేహమూ లేకుండా బయటికి పోయింది. కానీ క్వాలిఫయర్లలో ఆ దశకు వీఏఆర్ పెట్టలేదు.

"గోల్ లైన్ టెక్నాలజీ అన్నా పెట్టొచ్చుగా" అంటారు. పెట్టినా ఉపయోగం ఉండేది కాదు. 2010 ప్రపంచ కప్‌లో జర్మనీ మీద లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కు తగిలి లోపల పడినా గోల్ ఇవ్వలేదు. ఆ గొడవ తర్వాతే 2012లో ఆ టెక్నాలజీకి అనుమతి వచ్చింది. అది చెప్పేది ఒకే ఒక్క విషయం: రెండు పోల్స్ మధ్య నుంచి బంతి లోపలికి వెళ్లిందా లేదా. దోహాలో బంతి పోల్ పక్కనుంచి పోయింది. దాన్ని పట్టుకోగలిగేది వీఏఆర్ ఒక్కటే, ఎందుకంటే గోల్‌కి ముందు ఆ దాడిలో బంతి బయటికి పోయిందా అని చూడటం దాని పనిలో భాగం.

ఆఫ్‌సైడ్ కూడా పేరుకు ఈ కొలతల జాతే. పాస్ ఇచ్చే క్షణంలో దాన్ని అందుకునేవాడు ఎదుటి జట్టులో చివరినుంచి రెండో ఆటగాడికంటే గోల్‌కి దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్. కాకపోతే ఇక్కడ కొలవడమే ఓ పెద్ద తలనొప్పి. స్ట్రైకర్ ఎక్కడున్నాడన్నది బంతి తోటి ఆటగాడి కాలిని వదిలిన క్షణంలో చూడాలి. సెకనుకు 50 ఫ్రేములు తీసే కెమెరాలో రెండు ఫ్రేముల మధ్య సెకనులో యాభయ్యో వంతు గడిచిపోతుంది. సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో పరిగెత్తే ఆటగాడు ఆ వ్యవధిలో 16 సెంటీమీటర్లు కదులుతాడు. డిఫెండర్ అదే సమయంలో ఎదురు దిశలో పైకి వస్తుంటే ఆ తేడా రెట్టింపు అవుతుంది. బంతి వదిలిన క్షణం ఏ ఫ్రేమ్‌లో ఉందో మనిషి ఎంచుకుంటాడు, ఆ తర్వాత తెర మీద గీతలు గీసి "మూడు సెంటీమీటర్లు ఆఫ్‌సైడ్" అంటారు. ఆ మూడు సెంటీమీటర్ల మీద నాకెప్పుడూ నమ్మకం కుదరలేదు.

2022 ప్రపంచ కప్‌లో తెచ్చిన పద్ధతి అందుకే మెరుగు. స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి శరీరంలో 29 బిందువులను సెకనుకు 50 సార్లు గుర్తిస్తాయి. బంతి లోపలి సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపుతుంది. తన్నిన క్షణం ఇప్పుడు సెకనులో అయిదు వందో వంతు వరకు తెలిసిపోతుంది. ఆ లోపల మన ఆటగాడు కదిలేది ఒకటిన్నర సెంటీమీటర్ పైచిలుకు. ఇది లేని చోట, అంటే మన దేశంలో దాదాపు ప్రతి మైదానంలో, జెండా పట్టుకున్న అసిస్టెంట్ రిఫరీయే దిక్కు. పాస్ ఇచ్చేవాడు ముప్ఫై మీటర్ల అవతల ఉంటాడు, స్ట్రైకర్ తన ముందు ఉంటాడు, ఒకే క్షణంలో ఇద్దరినీ చూడాలి. అతను డిఫెండర్ల వరుసకు ఒక మీటరు ఇటో అటో నిలబడినా చూపు కోణం మారిపోయి, సరిగ్గా ఉన్నవాడు ముందున్నట్టు కనిపిస్తాడు. స్టాండ్స్‌లో మూలన కూర్చుని "క్లియర్ ఆఫ్‌సైడ్" అని అరిచేవాళ్ల కోణం ఎలా ఉంటుందో ఇక చెప్పక్కర్లేదు.

హ్యాండ్‌బాల్‌కి వస్తే కొలతల పని అయిపోతుంది. చేతికి బంతి తగిలిన ప్రతిసారీ ఫౌల్ కాదు. కావాలని చేతితో ఆడితే ఫౌల్. చేయి అసహజమైన చోట ఉంచి శరీరాన్ని పెద్దది చేసుకుంటే ఫౌల్. చేతికి తగిలిన బంతి నేరుగా గోల్‌లోకి వెళ్లినా, తగిలిన వెంటనే అదే ఆటగాడు గోల్ కొట్టినా, అనుకోకుండా జరిగిందైనా సరే గోల్ చెల్లదు. చేయి ఎక్కడ మొదలవుతుందన్న దానికి కూడా చంక అడుగున గీత గీశారు, దాని పైభాగం భుజం లెక్క. ఇంతవరకు బాగానే ఉంది. "అసహజం" అంటే ఏమిటి? పరిగెత్తుతూ, ఆగబోతూ, వెనక్కి తిరుగుతూ ఉన్న మనిషి చేయి ఎక్కడుండాలి? దీనికి ఏ సెన్సరూ జవాబు చెప్పదు.

2024 జూలై 5న స్టుట్‌గార్ట్‌లో స్పెయిన్, జర్మనీ యూరో క్వార్టర్ ఫైనల్. స్కోరు 1-1, ఎక్స్‌ట్రా టైమ్ నడుస్తోంది. జర్మనీ ఆటగాడు ముసియాలా కొట్టిన షాట్ స్పెయిన్ డిఫెండర్ కుకురెయా చేతికి తగిలింది. రిఫరీ ఆంథొనీ టేలర్ పెనాల్టీ ఇవ్వలేదు. వీఏఆర్ గదిలో అన్ని కోణాల్లోనూ చూశారు, జోక్యం చేసుకోలేదు. 119వ నిమిషంలో మెరీనో గోల్‌తో స్పెయిన్ గెలిచింది, తర్వాత కప్పు కూడా ఎత్తింది. కొన్ని వారాల తర్వాత యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే యూఈఎఫ్‌ఏ రిఫరీల విభాగమే అది పెనాల్టీ ఇవ్వాల్సిందని తేల్చింది. అదే వీడియో, అదే రూల్‌బుక్, ఒకే సంస్థ మనుషులు, రెండు తీర్పులు. కెమెరాలు ఇంకో ఇరవై పెట్టినా ఈ తేడా పోదు.

ఇక్కడే క్రికెట్ అలవాటు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉప్పల్ స్టేడియంలో కెప్టెన్ చేతులతో టీ ఆకారం చూపగానే డీఆర్‌ఎస్ మొదలవుతుంది. అడిగేది జట్టు, ఎన్నిసార్లు అడగొచ్చో లెక్క ఉంటుంది. వీఏఆర్‌లో జట్టుకి అడిగే హక్కే లేదు, అడుగుతూ చేతులతో టీవీ గీసి చూపిస్తే పసుపు కార్డు. వీడియో రిఫరీ తనంతట తానే అన్నీ చూస్తుంటాడు, కానీ నోరు విప్పేది కొన్నిసార్లే. 2018లో మొదలుపెట్టినప్పుడు పెట్టుకున్న హద్దు ఇది: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు ఇవ్వడం. అది కూడా మైదానంలో రిఫరీ చేసింది స్పష్టమైన, తిరుగులేని తప్పయితేనే. "నేనైతే పెనాల్టీ ఇచ్చేవాణ్ని" అని గదిలో ఉన్నాయన అనుకున్నంత మాత్రాన సరిపోదు. అందుకే ఒకే రకం ఫౌల్‌కి ఒక మ్యాచ్‌లో పెనాల్టీ ఉంటుంది, ఇంకో మ్యాచ్‌లో ఉండదు. రెండుసార్లూ వీఏఆర్ మైదానంలోని రిఫరీ మాటనే నిలబెట్టింది, అంతే. అభిమానికి ఇది అన్యాయంగా కనిపిస్తుంది. క్రికెట్‌లో అంపైర్స్ కాల్ మీద మనం తిట్టుకునేది కూడా దాదాపు ఇందుకే.

లివర్‌పూల్ సంగతి వీటన్నిటికంటే వింతైనది. 2023 సెప్టెంబర్ 30, టాటెన్‌హామ్ మైదానం. లూయిస్ డియాజ్ గోల్ కొట్టాడు, అసిస్టెంట్ జెండా ఎత్తాడు, రిఫరీ ఆఫ్‌సైడ్ అన్నాడు. వీఏఆర్ గదిలో గీతలు గీసి చూస్తే డియాజ్ ఆన్‌సైడ్. లెక్క సరిపోయింది. కానీ వీడియో రిఫరీ, మైదానంలో గోల్ ఇచ్చారనుకున్నాడు. "చెక్ పూర్తయింది" అన్నాడు. ఆయన ఉద్దేశం గోల్ సరైనదేనని, కింద రిఫరీకి వినిపించింది ఆఫ్‌సైడ్ సరైనదేనని. ఫ్రీ కిక్‌తో ఆట మళ్లీ మొదలైంది. కొన్ని సెకన్లకే గదిలో ఒకాయన పొరపాటు పట్టుకున్నాడు, ఆట ఆపమన్నాడు కూడా. ఆపలేదు. ఎందుకంటే ఆట తిరిగి మొదలయ్యాక వెనక్కి వెళ్లి గోల్ ఇచ్చే అధికారం రూల్స్ ఎవరికీ ఇవ్వలేదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. ఆ గది మాటలు తర్వాత విడుదల చేశారు, వింటుంటే మనకే చెమటలు పడతాయి.

ఆట మొదలయ్యాక వెనక్కి పోకూడదన్న రూల్ మొండిగా కనిపిస్తుంది గానీ, దాన్ని తీసేస్తే జరిగేది ఊహించండి. ఆ మధ్యలో రెండో జట్టు గోల్ కొడితే ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి? ఆ రూల్‌ని నేను సమర్థిస్తాను. మార్చాల్సింది మాట్లాడుకునే పద్ధతి. "చెక్ పూర్తయింది" అని వదిలేయకుండా "మైదానంలో నిర్ణయం ఆఫ్‌సైడ్, మా నిర్ణయం గోల్" అని పూర్తిగా చెప్పే పద్ధతి ఉండి ఉంటే ఆ రోజు గొడవే లేదు.

మన ఆఫీసుల్లో అన్నిటికంటే ఎక్కువ చిచ్చుపెట్టింది మాత్రం 2023 మార్చి 3 నాటి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ప్లేఆఫ్. ఐటీ కారిడార్‌లో ప్రతి టీమ్‌లోనూ ఒక మలయాళీ, బెంగళూరులో పనిచేసి వచ్చినవాడు ఒకడు ఉంటారు కాబట్టి తప్పించుకునే దారి లేదు. కంఠీరవ స్టేడియంలో ఛెత్రి జట్టు బెంగళూరు ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ మ్యాచ్, 0-0, ఎక్స్‌ట్రా టైమ్ 96వ నిమిషం. బాక్స్ బయట ఫ్రీ కిక్. కేరళ గోల్‌కీపర్ గోడ కట్టుకునే పనిలో, అంటే బంతికి అడ్డంగా తనవాళ్లను వరుసలో నిలబెట్టే పనిలో ఉండగానే ఛెత్రి బంతిని లోపలికి లేపేశాడు. రిఫరీ గోల్ ఇచ్చాడు. కేరళ కోచ్ వుకొమనోవిచ్ జట్టుని బయటికి పిలిచేశాడు, మళ్లీ రాలేదు. బెంగళూరు గెలిచింది. దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్‌ఎఫ్ కేరళ క్లబ్‌కి 4 కోట్ల జరిమానా వేసింది, కోచ్‌ని పది మ్యాచ్‌లు నిషేధించింది.

ఫ్రీ కిక్ కొట్టడానికి విజిల్ తప్పనిసరి అని చాలామంది నమ్మకం. కాదు. ఫౌల్ చేసిన జట్టుకు సర్దుకునే సమయం ఇవ్వడం కోసం ఫ్రీ కిక్ పెట్టలేదు. దెబ్బతిన్న జట్టు వెంటనే కొట్టొచ్చు, ఎదుటివాళ్లు 9.15 మీటర్ల దూరం పోకపోయినా సరే. గోడ కావాలి, దూరం కొలవండి అని ఆ జట్టే అడిగితే, లేదా రిఫరీయే ఆగమని సైగ చేస్తే, అప్పుడు మాత్రం విజిల్ వచ్చేదాకా ఆగాలి. విజిల్ గానీ గోడ గానీ తనకు అక్కర్లేదని రిఫరీకి ముందే చెప్పానని ఛెత్రి తర్వాత అన్నాడు. కేరళ వాదన ఇంకోలా ఉంది: రిఫరీ ప్రవర్తన చూస్తే ఆగమన్నట్టే ఉంది, గోల్‌కీపర్ పోల్ దగ్గర నిలబడి గోడ సర్దుతుంటే అది వెంటనే కొట్టే కిక్ ఎలా అవుతుందని.

నా అభిప్రాయం అడిగితే, గోల్ రూల్ ప్రకారం నిలబడుతుంది. రిఫరీ తన ఉద్దేశం రెండు జట్లకీ తెలిసేలా సైగ చేశాడా అన్న కేరళవాళ్ల ప్రశ్న కూడా నిలబడుతుంది. జట్టుని బయటికి తీసుకుపోవడం మాత్రం ఏ విధంగానూ నిలబడదు, ఇంకా ఇరవై నిమిషాలకు పైగా ఆట ఉంది. వీఏఆర్ ఉంటే ఈ గోల్ పోయేదా? బంతి గీత దాటింది, ఆఫ్‌సైడ్ లేదు, ఫౌల్ లేదు. రిఫరీ, ఛెత్రి మధ్య జరిగిన మాట ఏ కెమెరాలోనూ కనిపించదు.

ఇన్ని చెప్పుకున్నాక పాతకాలం మాట రాకుండా పోదు. "మా రోజుల్లో ఇవేవీ లేవు, ఆట ఎంత బాగుండేది" అని సికింద్రాబాద్ పెద్దలు అంటారు. వాళ్లకి అనే హక్కుంది. స్కూల్ టీచర్ ఎస్.ఎ. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం అందులో ఉన్నాడు, నూర్ మహమ్మద్ ఉన్నాడు, జుల్ఫికరుద్దీన్ ఉన్నాడు. రహీం 1963 జూన్ 11న పోయారు. దోహా మ్యాచ్ జరిగింది కూడా జూన్ 11నే, ఎవరూ పట్టించుకోలేదు.

కానీ వాళ్లు ఆడిన ఆట రూల్స్ వేరు. అప్పట్లో స్ట్రైకర్, చివరినుంచి రెండో ప్రత్యర్థి ఒకే వరుసలో ఉంటే ఆఫ్‌సైడ్. సమానంగా ఉంటే ఫర్వాలేదని మార్చింది 1990లో. అంటే బలరాం డిఫెండర్‌తో సమానంగా నిలబడి వేచి ఉండే ఆట ఆడలేడు, వెనకనుంచి పరిగెత్తుకు రావాల్సిందే. పసుపు, ఎరుపు కార్డులు 1970 ప్రపంచ కప్‌తో వచ్చాయి. అప్పటిదాకా రిఫరీ నోటితో హెచ్చరించేవాడు, స్టాండ్స్‌లో ఉన్నవాడికి ఎవర్ని హెచ్చరించాడో కూడా తెలిసేది కాదు. డిఫెండర్ కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవడం 1992 దాకా తప్పు కాదు. ఆధిక్యంలో ఉన్న జట్టు అలా నిమిషాలు తినేసేది. ఆ రోజుల్లో రిఫరీలు తక్కువ తప్పులు చేశారని చెప్పడానికి ఆధారం లేదు. తప్పు జరిగిందని రుజువు చేయడానికి రీప్లే లేదు, అంతే తేడా.

ఇంకో సంగతి కూడా గమనించాను. 2022 మార్చి 20న ఫతోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ గెలిచిన రాత్రి గురించి అడగండి. 88వ నిమిషంలో తవోరా కొట్టిన షాట్, పెనాల్టీల్లో కట్టిమణి ఆపిన మూడు కిక్కులు చెబుతారు. రిఫరీ ఎవరని అడిగితే దిక్కులు చూస్తారు. ఆ క్లబ్ 2025లో ఢిల్లీకి వెళ్లిపోయింది. దానికి మాత్రం ఏ రిఫరీనీ తప్పుపట్టలేం.

మరి మన దేశానికి వీఏఆర్ తేవాలా? ఒక్కో మ్యాచ్‌కి బోలెడు కెమెరాలు, ప్రత్యేక గది, శిక్షణ పొందిన వీడియో రిఫరీలు, రీప్లే ఆపరేటర్లు కావాలి. ఫిఫా ఇటీవల దీనికి చవక రూపం ఒకటి తయారుచేసింది, 2024లో అండర్-20, అండర్-17 మహిళల ప్రపంచ కప్‌ల్లో వాడి చూసింది. పేరు ఫుట్‌బాల్ వీడియో సపోర్ట్. ఇందులో వీడియో రిఫరీ ఉండడు. కోచ్ ఫోర్త్ అఫీషియల్‌కి, అంటే గీత బయట ఉండే నాలుగో అధికారికి, కార్డు ఇచ్చి సమీక్ష అడుగుతాడు, రిఫరీయే గీత పక్కన తెర దగ్గరికి వెళ్లి చూసి నిర్ణయిస్తాడు. మ్యాచ్‌కి రెండు అవకాశాలు, అడిగింది నెగ్గితే అవకాశం మిగిలే ఉంటుంది. డీఆర్‌ఎస్ చూసి పెరిగిన మనకి ఇది నేర్పక్కర్లేదు. గచ్చిబౌలి స్టేడియంలో 2024 డిసెంబర్ 31న జరిగిన రాష్ట్రాల జట్ల పోటీ సంతోష్ ట్రోఫీ ఫైనల్ లాంటి మ్యాచ్‌కి ఇదే తగిన సరుకని నా ఉద్దేశం.

అయినా దీనికీ హద్దులున్నాయి. నాలుగే కెమెరాలుంటే గీత మీదికి చూసే కోణం ఉండకపోవచ్చు, అప్పుడు దోహా లాంటి గోల్‌ని తెర ముందు నిలబడి చూసినా తేల్చలేరు. ఆఫ్‌సైడ్‌కి గీతలు గీసే సాధనం ఇందులో లేదు. కోచ్ తన రెండు అవకాశాలనూ కోపంలో మొదటి అరగంటలోనే వాడేసుకుంటే ఆ తర్వాత గంటసేపు అతనికి అడిగే దారి ఉండదు. ముందుగా కోచ్‌లకి ఏది అడగాలో, ఏది అడక్కూడదో నేర్పాల్సి ఉంటుంది, గీత దాటిన బంతి మీద అడగమనీ, భుజానికో చేతికో తెలియని తాకిడి మీద అవకాశం పారబోసుకోవద్దనీ.